కేసీ కెనాల్లో బర్మింగ్‌హామ్ బూటు

మా బావమరిది బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు. ఆదివారం మధ్యాహ్నం కోడేరులో మేం అన్నం తిని నడుం వాల్చే వేళకు వాళ్లకు అక్కడ పొద్దెక్కుతుంది. సరిగ్గా అప్పుడే వీడియో కాల్ చేస్తాడు. "బావా, కెనాల్ వాకింగుకొచ్చినం, చూడు" అంటాడు. ఫోన్లో ఒక కాలువ, పక్కన ఇటుకలు పరిచిన బాట, బాట మీద చక్రాల బండిలో వాళ్ల చిన్నపాప, నీళ్లలో బాతులు. ఆ బాతులు కూడా వరుస తప్పవు.

మొదటిసారి ఆ దృశ్యం చూసినప్పుడు మా నాయిన నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"అల్లుడా, కాలువ తెగిందా?"

"లేదు మామా."

"పైనోళ్లు నీళ్లు మలుపుకున్నరా?"

"లేదు మామా, ఏం గాలె."

"మరి గట్టు మీద ఏం చేస్తున్నవ్?"

"ఊరికే నడుస్తున్నం మామా. ఫ్యామిలీతోని."

నాయిన ఫోన్ నాకిచ్చేసి చాలాసేపు మాట్లాడలేదు. డెబ్బై అయిదేళ్లలో ఆయనకు తెలిసినంత వరకు మనిషి కాలువ గట్టు మీద నడవడానికి కారణాలు మూడే. గండి పడాలి, పైవాడు నీళ్లు మళ్లించుకోవాలి, లేదా ఎడ్లు తప్పిపోవాలి. పెళ్లాం పిల్లలతో గట్టెక్కాలంటే మాత్రం ఊళ్లోకి వరద రావాల్సిందే. "అల్లుడు ఏదో దాస్తున్నడు" అని సాయంత్రం అమ్మతో అన్నాడు. "నౌకరి పోయిందేమో, మెల్లగ అడుగు."

నౌకరి పోలేదు. అక్కడ అదొక కాలక్షేపం. బర్మింగ్‌హామ్‌కు మొదటి కాలువ 1769లో వచ్చింది, బొగ్గు మోయడానికి. గట్టు మీద గుర్రం నడుస్తుంటే దాని వెనక తాడుకు పడవ వచ్చేది. ఆ గుర్రం నడిచిన బాటలోనే ఇప్పుడు మా బావమరిది నడుస్తున్నాడు. రైళ్లొచ్చి పడవల పని తగ్గింది, లారీలొచ్చి పూర్తిగా పోయింది, కాలువలు షికార్లకు మిగిలాయి. వెనిస్ కంటే తమ ఊళ్లోనే కాలువలు ఎక్కువని బర్మింగ్‌హామ్ వాళ్లు చెప్పుకుంటారు. మా వాడు అక్కడికి పోయి ఆరేళ్లే అయినా ఈ మాట మాత్రం అక్కడే పుట్టి పెరిగినవాడిలా చెబుతాడు.

పోయిన దసరాకు కుటుంబంతో వచ్చాడు. రెండు రోజులు చుట్టాలతో, సకినాలతో గడిచాయి. మూడో రోజు పొద్దున టీ తాగుతూ అడిగాడు. "బావా, మన దిక్కు హిస్టారిక్ కెనాల్ ఏమన్నా ఉందా? పిల్లల్ని తీస్కొని ఒకరోజు పోదాం."

ఇక్కడే వచ్చింది చిక్కు. పాలమూరుకు కాలువలు తవ్విన చరిత్ర ఉంది గానీ కాలువలు ఉన్న చరిత్ర లేదు. పాలమూరు లేబర్ అంటే ఎక్కడెక్కడి ప్రాజెక్టుల వాళ్లకూ తెలుసు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెడితే తట్టా, పారా, గిన్నెలు, కోళ్లు, చంటిపిల్లలు అందరూ ఒకే లారీ. ఎవరి ఊళ్లకో నీళ్లు పారించి, మళ్లీ తమ ఊరి బోరింగు దగ్గర బిందె పట్టుకొని నిలబడటానికి తిరిగొచ్చేవాళ్లు. కుటుంబంతో కాలువ మీదికి పోవడం మాకేం కొత్త కాదు. తిరిగి రావడానికి ఎనిమిది నెలలు పట్టేది, అంతే తేడా.

ఇప్పుడంటే మాకూ కాలువ వచ్చింది. కొల్లాపూర్ పక్కన ఎల్లూరు దగ్గర శ్రీశైలం వెనక జలాలను ఎత్తిపోసి, జొన్నలబొగుడ, గుడిపల్లి గట్టు అని ఇంకో రెండు మెట్లు ఎక్కించే కల్వకుర్తి ఎత్తిపోతల కాలువ. మా ఇంటి నుంచి బండి మీద పోతే ఫ్లాస్కులో టీ చల్లారదు. అదే చెప్పాను.

"అది హిస్టారిక్ కాదు బావా. మొన్నమొన్నటిది."

వనపర్తి రాజావారు మొదలుపెట్టగా 1959లో పూర్తయిన సరళాసాగర్ ఉంది, నీళ్లు నిండితే మనిషి చెయ్యి పడకుండా వాటంతటవే పొంగిపోసే సైఫన్లున్నాయి, చూడటానికి జనం పోతారు అన్నాను. "అది డ్యామ్. నేనడిగింది కెనాల్" అన్నాడు. ఇంగ్లండులో ఉండి వచ్చినవాళ్లతో ఇదే బాధ, అడిగింది అడిగినట్టే కావాలంటారు.

చివరికి కేసీ కెనాల్ గుర్తొచ్చింది. కోడేరు నుంచి వంద కిలోమీటర్ల దరిదాపు. రాజోలి అవతల సుంకేసుల దగ్గర తుంగభద్రలోంచి మొదలవుతుంది. పైగా తవ్వించింది ఇంగ్లీషువాళ్లే. బావమరిది మొహం వెలిగింది. పక్కన చాటలో బియ్యం ఏరుతున్న మా మేనత్త తలెత్తింది.

"కేసీ కెనాలా? 'ఆర్' ఏడ పోయింది?"

"ఆర్ లేదత్తా. కర్నూలు, కడప. అందుకని కేసీ."

"గంతేనా. మన సారు తవ్విచ్చిండేమో అనుకున్న."

ఆ కాలువ పుట్టుక కథ మా అత్త ప్రశ్న కంటే తమాషాగా ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్టతో గోదావరి జిల్లాలను సస్యశ్యామలం చేసిన ఆర్థర్ కాటన్ దొరకు, రైలుకంటే కాలువే చవక అని గట్టి నమ్మకం. నీళ్లు పొలానికీ పారాలి, అదే నీళ్ల మీద పడవలూ నడవాలి. ఆయన ప్రోద్బలంతో 1858లో లండన్‌లో ఒక కంపెనీ పుట్టింది, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. పది లక్షల పౌన్ల పెట్టుబడి. లాభం వచ్చినా రాకపోయినా వాటాదార్లకు నూటికి ఐదు వడ్డీ సర్కారే గ్యారంటీ. ఇట్లాంటి వ్యాపారం దొరికితే మా ఊరి కిరాణాకొట్టు ఆయన కూడా కాలువ తవ్వేవాడు. 1860లలో సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టారు, మూడొందల కిలోమీటర్ల పైచిలుకు కాలువ తవ్వుతూ కడప దాకా పోయారు, పడవల కోసం లాకులు కట్టారు. అక్కడి నుంచి నెల్లూరు సముద్రం దాకా పడవలు పోవాలని మొదటి ఆలోచన. డబ్బులు కడప లోపలే అయిపోయాయి.

ఇక తీరా నీళ్లొచ్చాక రైతులు వద్దన్నారు. అది నల్లరేగడి. జొన్న, పత్తి వానకే పండుతాయి. నీళ్లు పెడితే నేల పాడవుతుందని భయం, పైగా నీళ్లకు తీరువ కట్టాలి. కాలువ నిండుగా పారుతుంటే గట్టున కూర్చొని మొగులు దిక్కు చూసిన రైతులు వాళ్లు. 1876లో కరువొచ్చాక గానీ కాలువ వైపు తిరగలేదు. కరువు పోగానే మళ్లీ మామూలే. చివరికి 1882లో సర్కారే కంపెనీ దగ్గర కాలువను కొనేసింది. ఇదంతా నేను చెబుతుంటే నాయిన ఒక్క ముక్క దగ్గరే ఆగిపోయాడు. "నీళ్లొస్తే వద్దన్నరా?" అని రెండుసార్లు అడిగాడు. రెండోసారి గొంతులో కోపముంది.

తెల్లారి ఐదింటికి బయల్దేరాలని తీర్మానం. తుఫాన్ బండి మాట్లాడాం. డ్రైవరు కాక పదహారు మందిమి, కూర్చునే జాగా పన్నెండు మందికి. మిగతా జాగా అంతా సద్దిది. జొన్నరొట్టెలు ఒక గుడ్డలో, పులిహోర ఒక గంజులో, పుంటికూర తొక్కు, పల్లీల పొడి, ఉల్లిగడ్డలు, బక్ష్యాలు, పెరుగన్నం, ఇవన్నీ చాలవేమోనని పైన ఒక అరటిపండ్ల గెల. మా బావమరిది భార్య బర్మింగ్‌హామ్ అలవాటు కొద్దీ నాలుగు శాండ్‌విచ్చులు చేసి చిన్న డబ్బాలో పెట్టుకుంది. ఆ డబ్బాను గెల కింద ఎక్కడో పెట్టారు. మళ్లీ మర్నాడు దొరికింది.

బండి కదిలేసరికి తొమ్మిదింబావు. ఎవరి వల్ల ఆలస్యమైందో ఇప్పటి దాకా తేలలేదు. ఎవరినడిగినా తాము నాలుగింటి నుంచి తయారై కూర్చున్నామనే చెబుతారు.

పెబ్బేరు దగ్గర హైవే ఎక్కాం. బీచుపల్లి వంతెన మీదికి రాగానే అమ్మ "మెల్లగ పోనియ్యి బిడ్డా" అని డ్రైవరుకు చెప్పి, కొంగుముడి విప్పి రూపాయి బిళ్లలు తీసింది. కృష్ణమ్మను దాటేటప్పుడు డబ్బులు వెయ్యకుండా పోతే మా అమ్మకు ఆ పూట అన్నం అరగదు. ఆమె పక్క కిటికీ అద్దం జరగదు. ఇటువైపు నుంచి మా అత్త చేతికిచ్చింది. అత్త విసిరింది. బిళ్ల వంతెన రెయిలింగుకు తగిలి ఠంగుమని తిరిగొచ్చి మా చిన్నోడి ఒళ్లో పడింది. వాడు దాన్ని జేబులో వేసుకొని "కృష్ణమ్మ నాకే ఇచ్చింది" అన్నాడు. దీని మీద ఎర్రవల్లి చౌరస్తా దాకా చర్చ నడిచింది. ఆ రూపాయిని తిరుగు ప్రయాణంలో వెయ్యాలని తీర్పు. ఆ లోపల వాడు దాంతో పుల్ల ఐస్ అడిగాడు, ఈ కాలంలో రూపాయికి ఐస్ రాదు కాబట్టి కృష్ణమ్మ సొమ్ము భద్రంగా ఉంది.

అలంపూర్ చౌరస్తాలో అసలు గండం. ఎడమకు తిరిగితే జోగులాంబ. కుడికి తిరిగితే శాంతినగర్, రాజోలి, సుంకేసుల.

"ఇంత దూరం వచ్చి అమ్మవారిని చూడకపోతే ఎట్ల?" అంది అమ్మ.

"మనం కాలువ కోసం వచ్చినం అత్తమ్మా" అన్నాడు బావమరిది.

"కాలువ ఏడికి పోతది నాయినా?"

"పోవుడే కదా దాని పని!" అన్నాడు నాయిన. ఆ రోజు నాయిన, బావమరిది ఒక పక్షాన ఉన్నది ఈ ఒక్కసారే. లాభం లేకపోయింది. బండిలో ఆడవాళ్లు తొమ్మిది మంది.

అలంపురంలో జోగులాంబను చూశాం, నవబ్రహ్మ ఆలయాలు చూశాం. బాదామి చాళుక్యులు కట్టిన ఆ గుళ్లు పదమూడు వందల ఏళ్లుగా అట్లాగే నిలబడి ఉన్నాయి. బావమరిది గడియారం చూస్తూ నిలబడ్డాడు. కాలువ కంటే పదకొండు వందల ఏళ్లు పాతవి, హిస్టారిక్ అంటే ఇవి కావా అని నేను అనలేదు, అనాలని మాత్రం ఉండింది.

తర్వాత రాజోలి. ఇక్కడ ఆగకూడదని బావమరిది ముందే డ్రైవరుతో రహస్యంగా మాట్లాడుకున్నాడు. కానీ రాజోలి చేనేత ఊరు. బండి ఊళ్లోకి రాగానే మా ఆవిడ ముక్కుకు జరీ వాసన తగిలినట్టుంది, "ఒక్క పది నిమిషాలు" అంది. ఒక మగ్గం ఇంట్లో తొమ్మిది మంది ఆడవాళ్లు కూర్చున్నారు. చీరలు ఒక్కొక్కటే మడత విప్పుకుంటూ ఒళ్లోకి వచ్చాయి. మా నాయిన గోడకు ఆనుకొని మగ్గం చూస్తుంటే ఆ ఇంటి పెద్దాయన గోడ మీద చెయ్యెత్తి, 2009 అక్టోబరులో తుంగభద్ర ఎంత ఎత్తున వచ్చిందో చూపించాడు. చెయ్యి ఎంత చాచినా ఆయనకు అందలేదు. ఆ వరదలో రాజోలి, అలంపురం, కర్నూలు మూడూ మునిగాయి. ఇద్దరు ముసలివాళ్లు కాసేపు ఏం మాట్లాడకుండా ఆ గోడనే చూశారు. ఇంతలో లోపల బేరం కుదిరింది. పది నిమిషాలు గంటా నలభై అయింది. మూడు చీరలు.

సుంకేసుల చేరేసరికి మూడున్నర దాటింది. ఇప్పుడక్కడ పాత ఆనకట్ట స్థానంలో గేట్ల బరాజు ఉంది. పొద్దుటి నుంచి ఊరిస్తున్న కాలువ దగ్గరికి బావమరిది పరుగులాంటి నడకతో పోయాడు. కాలికి బర్మింగ్‌హామ్‌లో కాలువ గట్ల మీద నడవడానికే కొన్న మట్టిరంగు బూట్లు. పౌన్లలో ధర చెప్పాడు, రూపాయల్లోకి మార్చి చూసుకొని నేను నాయినకు చెప్పలేదు.

కాలువ నిండుగా ఉంది. తొందరగా ఉంది. ఎర్రటి నీళ్లు సుడి తిరుగుతూ పోతున్నాయి. బాతులు లేవు. గట్టు మీద బర్రెలు ఉన్నాయి. ఒకామె బండ మీద దుప్పట్లు ఉతుకుతోంది, ఒకాయన పంచె కట్టుకొని తలంటుకుంటున్నాడు, గట్టుకు ఆనించి పెట్టిన మోటరు పైపు ఎవరి పొలంలోకో నీళ్లు లాగుతోంది. కొంచెం అవతల రేకుల షెడ్డు కింద చేపలు వేపుతున్నారు. గాలికి ఆ కారం మసాలా వాసన వచ్చేసరికి మా పిల్లలంతా కాలువను వదిలేసి అటు తిరిగారు.

బావమరిది నిరుత్సాహపడలేదు. పిల్లల్ని పిలిచి లాకు అంటే ఏంటో చెప్పడం మొదలుపెట్టాడు. కాలువ ఒకచోట ఎత్తులో, ముందుకు పోతే పల్లంలో ఉంటుంది. పడవ మెట్లు దిగలేదు. అందుకని రెండు వైపులా తలుపులున్న గదిలాంటి తొట్టి కడతారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూస్తారు. తూము తెరిచి లోపలి నీళ్లు మెల్లగా వదిలితే నీళ్లతోపాటు పడవా కిందికి దిగుతుంది. పల్లం నీళ్లతో సమానమయ్యాక ముందు తలుపు తెరిస్తే వెళ్లిపోతుంది. ఎక్కాలంటే ఇదే తిరగేసి. చెప్పడానికి టిఫిన్ డబ్బా, అందులో మజ్జిగ, పైన తేలే తమలపాకు వాడాడు. నిజంగా బాగా చెప్పాడు.

"అంటే లిఫ్టు" అంది మా పాప.

"కరెక్ట్. పడవకు లిఫ్టు."

నాయిన నవ్వాడు. "మీ దిక్కు పడవకు లిఫ్టు పెట్టిన్రు. మా దిక్కు నీళ్లకే పెట్టిన్రు. ఎల్లూరుకాడ నీళ్లు లిఫ్టెక్కి వస్తయి అల్లుడా. కరెంటు బిల్లే మస్తు. ఒకసారైతే లిఫ్టే మునిగింది." 2020 అక్టోబరులో ఎల్లూరు పంపుహౌసులోకి నీళ్లొచ్చి, నీళ్లు ఎత్తిపోయాల్సిన మోటర్లే నీళ్లలో మునిగిపోయిన సంగతి మా దిక్కు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అక్కడి నుంచి నాయిన ఎవరి మాటా వినలేదు. గట్టు పక్కన గొంతుకూర్చొని కాలువను చూడటం మొదలుపెట్టాడు. వాలు మీద పరిచిన రాయిని అరచేత్తో తట్టాడు. జానతో కొలిచాడు. ఒక తుమ్మరెమ్మ విరిచి నీళ్లలో వేసి, దానితోపాటు గట్టు మీద ఇరవై అడుగులు నడిచి, నోట్లో లెక్క పెట్టుకున్నాడు. గంటకు ఎంత దూరం పోతుందో ఆయన లెక్క. తర్వాత అవతలి గట్టు చూపించి నన్నడిగాడు. "ఈ మన్ను ఎంతమంది మోసింటరు?"

నాకేం తెలుసు. కంపెనీ వాటాదార్ల లెక్క పుస్తకాల్లో ఉంది, తట్టలు మోసినవాళ్ల లెక్క ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు.

నాయిన పదిహేడేళ్ల వయసులో మా తాతతో కలిసి సాగర్ ఎడమ కాలువ తవ్వడానికి పోయాడు. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ పెద్దగా మాట్లాడడు. ఆ రోజు కాలువ గట్టున కూర్చున్నాక మాటలొచ్చాయి. తవ్వేటప్పుడు గుంత మధ్యలో మట్టి దిమ్మె ఒకటి తాకకుండా వదిలేస్తారట. పైన మొలిచిన గడ్డి కూడా అట్లాగే ఉంచాలి. ఓవర్సీర్ వచ్చి ఆ దిమ్మె ఎత్తు కొలిస్తే ఎంత లోతు తవ్వారో తేలుతుంది, దాన్ని బట్టి కూలి.

"అయితే రాత్రిపూట" అని నాయిన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు, అరవై ఏళ్ల నాటి ఓవర్సీర్ ఇంకా అక్కడే ఉన్నట్టు, "దిమ్మె మీదున్న గడ్డిని పలక లెక్క మెల్లగ లేపేటోళ్లం. కింద ఒక జానెడు మన్ను పెట్టి, నీళ్లు చల్లి, గడ్డి మళ్ల పైన కూసోబెట్టేటోళ్లం. తెల్లారేసరికి జానెడు లోతు ఎక్కువ తవ్వినట్టు లెక్క."

"దొరకలేదా తాతా?" అంది పాప.

"ఒకసారి దొరికినం. అట్ల పెట్టిన గడ్డి ఎండిపోయింది. మిగతా ఊరంత పచ్చగుంటే మా దిమ్మె ఒక్కటే తెల్లగున్నది. ఓవర్సీర్ దాన్ని చూసి నవ్విండు. నవ్వి, రెండు జానల కూలి కోసిండు."

ఇంతలో బావమరిది అరుపు.

వాడు గట్టు మీద వాకింగు మొదలుపెట్టి యాభై గజాలు పోయి బర్రె పేడలో కాలు పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టు వచ్చి గడ్డికి తుడుచుకుంటే సరిపోయేది. బట్టలు ఉతికే బండ దాకా దిగి, బూటు విప్పి, నీళ్లలో ముంచి కడగబోయాడు. కాలువ వాడి చేతిలోంచి బూటును తీసుకుంది. లాక్కోలేదు, తీసుకుంది, మా అత్త పిల్లల చేతిలోంచి ఫోన్ తీసుకున్నట్టు.

బూటు మునగలేదు. వాటర్‌ప్రూఫ్ అని చూసి కొన్నాడట. ముక్కు ముందుకు పెట్టి, లేసులు వెనక ఈదుకుంటూ, నడి కాలువలోకి చేరి కర్నూలు వైపు సాగిపోయింది. బట్టలుతికే ఆమె చెయ్యి చాచింది, అందలేదు. పిల్లలు గట్టు వెంబడి పరిగెత్తారు. పెద్దవాళ్లు పిల్లల వెనక "నీళ్లకాడికి పోవద్దు" అని అరుస్తూ పరిగెత్తారు. బావమరిది ఒక బూటుతో, ఒక సాక్సుతో కుంటుకుంటూ వాళ్ల వెనక. పదహారు మంది ఒకేసారి కాలువ గట్టు మీద నడుస్తున్నాం. వాడు కోరుకున్న ఫ్యామిలీ కెనాల్ వాకింగు అప్పటికి పూర్తిస్థాయిలో జరిగింది.

బర్రెలు తోలుకొస్తున్న ముసలాయన ఆగి అడిగాడు. "ఏమైందన్నా, కాలువ తెగిందా?"

డ్రైవరు మంచి సలహా ఇచ్చాడు. కర్నూలు ఊళ్లో ఇదే కాలువ మీద వినాయక ఘాట్ ఉందట, నిమజ్జనాలన్నీ అక్కడే. "అందరూ గణపతులను వదలనీకి వస్తరు సార్, మనం బూటును పట్టనీకి పోదాం. డీజిల్ వేరే." నాయిన తుమ్మరెమ్మ లెక్క తీశాడు. ఈ వేగంతో బూటు కర్నూలు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అది కూడా దార్లో ఏ తూముకూ తగులుకోకపోతే.

నేను ఫోన్లో మ్యాపు తీసి బూటు ముందున్న ప్రయాణం చూపించాను. కర్నూల్లో హంద్రీ నది మీద కట్టిన వంతెన కాలువలోంచి పోతుంది, కింద ఏరు, పైన బూటు. తర్వాత బానకచర్ల. నంద్యాల దిక్కు దిగి కుందూలో కలుస్తుంది. కుందూ మీద మళ్లీ ఒక ఆనకట్ట, దాని పేరూ రాజోలి ఆనకట్టే. అంటే రాజోలి అవతల బయల్దేరి ఇంకో రాజోలికి చేరుతుంది. అక్కడి నుంచి దువ్వూరు, మైదుకూరు, చాపాడు పొలాల మీదుగా కడప.

"కాటన్ దొర అనుకున్నది ఇన్నాళ్లకు జరిగింది. కేసీ కెనాల్లో మళ్ల రవాణా మొదలైంది" అన్నాను. బావమరిది నవ్వలేదు. వాళ్లావిడ నవ్వింది. ఆ నవ్వు వల్ల వాళ్లిద్దరికీ తిరుగు ప్రయాణమంతా మాటల్లేవు.

సద్ది అక్కడే గట్టు మీద తుమ్మచెట్ల కింద విప్పాం. చేపల వేపుడు కూడా వచ్చింది. బట్టలుతికే ఆమెకు రెండు బక్ష్యాలు ఇస్తే, ఆమె మా వాడి కాలు చూసి తన హవాయి చెప్పులు ఇవ్వబోయింది. వద్దన్నాడు. ఒక బూటుతోనే తిన్నాడు. జొన్నరొట్టె మీద పుంటికూర తొక్కు వేసుకొని నాలుగోది తినేసరికి మనిషి కొంత తేరుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బీచుపల్లి వంతెన మీద అందరూ నిద్ర. కృష్ణమ్మ రూపాయి మా చిన్నోడి జేబులోనే వంతెన దాటింది.

కోడేరు ఇంకో అరగంట ఉందనగా నాయిన బండి ఆపమన్నాడు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. కల్వకుర్తి కాలువ బ్రిడ్జి. రాత్రి తొమ్మిది. వెన్నెల ఉంది. సిమెంటు లైనింగు మధ్య నీళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి. లైనింగు వాలు అద్దంలా జారుతుంది కాబట్టి పిల్లల్ని కిందికి దిగనివ్వలేదు, గట్టు మీదే ఉంచాం. మిగిలిన పెరుగన్నం అక్కడ అయిపోయింది.

నాయిన ఒక్కడే గట్టు మీద అటు నడిచాడు. చాలా దూరం పోయాడు. తెల్ల పంచె మాత్రం కనిపిస్తోంది. బావమరిది బ్రిడ్జి మీద నుంచి కేకేశాడు.

"మామా, కాలువ తెగిందా?"

"లేదు అల్లుడా."

"మరి ఏం చేస్తున్నవ్?"

కాసేపు జవాబు రాలేదు.

"ఊరికే!" అని వినిపించింది.

బావమరిది వారం తర్వాత బర్మింగ్‌హామ్ వెళ్లిపోయాడు. ఎడమ బూటు మా దగ్గరే వదిలేశాడు. నాయిన దాన్ని పొలంలో కొత్తగా బిగించిన మోటరు స్టార్టర్ డబ్బాకు దిష్టికి కట్టాడు. దారిన పోయేవాళ్లు ఆగి ధర అడుగుతున్నారు. కుడి బూటు ఇంకా రాలేదు. మైదుకూరు, చాపాడు దిక్కు చదువరులెవరైనా పొలానికి నీళ్లు కట్టేటప్పుడు ఒక కన్నేసి ఉంచండి. మట్టిరంగు, సైజు తొమ్మిది. పంపే ఖర్చు మా బావమరిదే పెట్టుకుంటాడు, పౌన్లలో.